గొడ్డలి ఒక్కటే చాలదు: మన చిన్న వ్యాపారికి ఎటువంటి శిక్షణ కావాలి?

ఏ ఊరి బస్టాండు దగ్గర నిలబడి చూచినా మన సముదాయపు జీవనోపాధి ఏమిటో తెలిసిపోతుంది. పంక్చర్ షాపు, వెల్డింగ్ షాపు, పండ్ల బండి, టైలరింగ్ దుకాణం, చికెన్ సెంటరు, బేకరీ, తాళం చెవులు చేసే పెట్టె, పాత ఇనుప సామాను కొట్టు: వీటిలో సగానికి తక్కువ కాకుండా మన వారివే కనిపిస్తాయి. సందులలోకి వెళితే గడప లోపల మగ్గం మీద వంగి జరీ పూలు కుట్టే ఆడపిల్లలు కనిపిస్తారు. మనలో నెల జీతం అందుకునేవారు కొద్దిమంది. ఏ రోజుకారోజు సంపాదించుకొని తినేవారే అధికం.

ఇది మా ఊహ కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక దేశమంతటికీ ఇదే చెప్పింది. నెల జీతపు ఉద్యోగాలలో ముస్లింలు తక్కువ, స్వయం ఉపాధిలో ఎక్కువ. బ్యాంకు రుణాలలో మన వాటా మన జనాభా నిష్పత్తి కంటే తక్కువగా ఉన్నదని కూడా ఆ నివేదిక నమోదు చేసింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తు పెట్టుకొని, అక్కడివారికి రుణాలివ్వడానికి వెనుకాడుతున్నాయని కూడా చెప్పింది. తెలంగాణలో జి. సుధీర్ కమిషన్ 2016లో తన నివేదిక సమర్పించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనాభాలో మనం 12.7 శాతం. ఇంత పెద్ద సముదాయపు అన్నం దుకాణం మీదా బండి మీదా ఆధారపడి ఉన్నప్పుడు, ఆ దుకాణం ఎలా నిలుస్తుందన్న ప్రశ్న మన హక్కుల చర్చలో ముందు వరుసలో ఉండాలి. దురదృష్టవశాత్తు అది వెనుక వరుసలో కూడా లేదు.

మనం సభలు పెడితే రిజర్వేషన్ల మీద పెడుతున్నాము. పెట్టవలసిందే. 2007 నాటి చట్టం ద్వారా దక్కిన 4 శాతం మన పిల్లల చదువులకు ఎంత ఆసరా అయినదో ప్రతి కుటుంబానికీ తెలుసు. స్కాలర్‌షిప్పుల మీద, వక్ఫ్ ఆస్తుల మీద కూడా మాట్లాడుతున్నాము. కాని నలభై అయిదేళ్ళ వెల్డింగ్ మేస్త్రీకి రిజర్వేషన్ నేరుగా ఏమీ చేయదు. అతని కొడుకు చదువు మానకుండా ఉండాలంటే ఆ వెల్డింగ్ షాపు మూతపడకుండా ఉండాలి. ఇంటి వ్యాపారం దెబ్బతిన్న ఏడాదే ఆ ఇంటి పెద్దపిల్ల బడి మానడం మనం ఎన్ని ఇళ్ళలో చూడడం లేదు?

రాయితీ వచ్చింది, తరువాత?

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనలేము. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ 1994లో ఏర్పడింది. మన రెండు రాష్ట్రాలలోను మైనారిటీల ఆర్థిక సంస్థలున్నాయి. 2008 నుండి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం నడుస్తున్నది. అందులో మైనారిటీలు ప్రత్యేక వర్గం కింద వస్తారు. పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం రాయితీ లభిస్తుంది. సొంతంగా 5 శాతం పెట్టుకొంటే చాలు. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు తాకట్టు లేకుండా రుణమిస్తారు. వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో స్వనిధి పథకం వచ్చింది. తెలంగాణలో 2023లో మైనారిటీలకు లక్ష రూపాయల పూర్తి రాయితీ సాయం ప్రకటించారు. 2025లో రాజీవ్ యువ వికాసం ప్రకటించారు.

పేర్లకు కొదవ లేదు. కొదవ ఎక్కడున్నదో ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ళ తరబడి ఫైళ్ళు నడిపిన మాబోటివారికి తెలుసు. దరఖాస్తు వస్తుంది, ఎంపిక జాబితా తయారవుతుంది, రాయితీ విడుదలవుతుంది. వినియోగ ధ్రువపత్రం పై కార్యాలయానికి వెళ్ళిన రోజున ఫైలు మూతపడుతుంది. లక్ష్యం ఇంత, సాధించినది ఇంత అని రెండు గడులు నిండితే ఆ సంవత్సరపు పని పూర్తయినట్లే. ఆ డబ్బుతో పెట్టిన దుకాణం ఏడాది తరువాత తెరిచి ఉన్నదా, మూతపడినదా అని అడిగే గడి ఆ పట్టికలో ఉండదు. అడగనిదానికి ఎవరూ జవాబుదారీ కారు.

అందుకే లక్ష రూపాయలు తీసుకొన్న ఇంట్లో రెండేళ్ళ తరువాత ఆ లక్షా ఉండదు, దుకాణమూ ఉండదు. పాత అప్పు ఒకటి తీరి ఉంటుంది, లేదా ఒక పెళ్ళి జరిగి ఉంటుంది. దీనికి ఆ కుటుంబాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. చేతికి డబ్బు ఇచ్చి, దానిని నిలుపుకొనే మార్గం చెప్పకుండా వదిలివేసినవారి బాధ్యత కూడా అందులో ఉంది.

దైవప్రవక్త (స) చూపిన పద్ధతి

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉదంతం ఉన్నది. ఖుత్బాలలో మనం చాలాసార్లు విన్నదే. అన్సారీ ఒకరు సాయం అడగడానికి దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చారు. ఇంట్లో ఏమున్నదని ప్రవక్త (స) విచారించారు. ఒక దుప్పటి, ఒక నీళ్ళ పాత్ర మాత్రమే ఉన్నాయని తేలింది. వాటిని తెప్పించి, అక్కడున్నవారి మధ్య వేలం వేసి, ఎక్కువ ధర పలికినవారికి రెండు దిర్హములకు ఇచ్చారు. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తమ చేతులతో స్వయంగా పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని పంపి, పదిహేను రోజుల తరువాత రమ్మన్నారు. ఆ వ్యక్తి పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చారు.

ఈ ఉదంతాన్ని యాచన కూడదన్న నీతికి మాత్రమే మనం ఉదహరిస్తాము. ఇందులోని క్రమాన్ని కూడా గమనించాలని మా మనవి. మొదట ఆ ఇంట్లో ఏమున్నదో విచారణ జరిగింది. తరువాత ఉన్న వస్తువుకు బజారులో రాగల మంచి ధర రాబట్టారు. ఇంటి ఖర్చును, పెట్టుబడిని వేరు వేరు దిర్హములుగా విడదీశారు. పనికి తగిన పనిముట్టు కొనిపించారు. ఏ పని చేయాలో చెప్పారు. గడువు పెట్టి, ఫలితం చూశారు. నేటి పథకాలు ఇందులో ఒక్క గొడ్డలిని మాత్రమే ఇస్తున్నాయి. మిగిలినవన్నీ విడిచిపెట్టాయి.

ఇప్పుడున్న శిక్షణ ఎందుకు అతకడం లేదు?

శిక్షణ అసలే లేదని కాదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనాను అనుసరించి, గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు జిల్లాలలో బ్యాంకుల ఆధ్వర్యంలో పని చేస్తున్నాయి. ఉచిత భోజన వసతులతో శిక్షణ ఇచ్చి, తరువాత రెండేళ్ళ పాటు ఆ అభ్యర్థి బాగోగులు విచారించడం వాటి నియమం. ఇది మంచి నమూనా. ఈ పత్రిక చదివే ప్రతి కుటుంబమూ తమ జిల్లాలోని సంస్థ చిరునామా తెలుసుకోవాలి.

అయితే ఈ శిక్షణలన్నీ ప్రధానంగా పని లేని యువకుణ్ణి దృష్టిలో పెట్టుకొన్నవి. ఇంకా దుకాణం పెట్టనివానికి దుకాణం ఎలా పెట్టాలో చెబుతాయి. మన సమస్య వేరు. మనవాడు ఇప్పటికే దుకాణం పెట్టి ఇరవై ఏళ్ళయింది. అతనికి పని వచ్చు. రానిది పని చుట్టూ ఉన్న లెక్క, కాగితం, మారుతున్న కాలం. అతణ్ణి పది రోజులు షట్టరు దించి పగటిపూట తరగతికి రమ్మంటే రాలేడు. ఆ పది రోజులు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? ఇక ఆడవారిని వసతితో కూడిన శిక్షణకు పంపడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ. ఆ చర్చ తేలేవరకు ఆమె కూలి పెరగకుండా ఆగిపోకూడదు.

2023 సెప్టెంబరులో మొదలైన విశ్వకర్మ పథకాన్ని చూడండి. 18 చేతివృత్తులకు శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, 15 వేల రూపాయల పనిముట్లు, 5 శాతం వడ్డీకి రుణం ఇందులో ఉన్నాయి. శిక్షణ రోజుల కూలి నష్టాన్ని ప్రభుత్వం గుర్తించడం మెచ్చదగిన విషయం. ఆ జాబితాలో దర్జీ, కమ్మరి, తాళాలు చేసేవారు ఉన్నారు. మనవారు తప్పక దరఖాస్తు చేసుకోవాలి. కాని దూది ఏకే నూర్‌బాషా సోదరులు ఆ 18లో లేరు. జరీ, మగ్గం పని చేసే ఆడవారు లేరు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజుల పనివారు లేరు. ఈ వృత్తులను కూడా చేర్చమని మన ప్రతినిధులు అడగవలసి ఉంది.

ఏమి నేర్పాలి?

మా దృష్టిలో మొదటి పాఠం ఖాతా పుస్తకం. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అల్‌బఖరా సూరాలోని 282వది. అది అప్పు లావాదేవీలను వ్రాసి పెట్టుకోవడం గురించి, సాక్షుల గురించి చెబుతుంది. లెక్క వ్రాయడాన్ని ఇంతగా నొక్కి చెప్పిన గ్రంథాన్ని విశ్వసించే సముదాయంలో సగం దుకాణాలలో ఖాతా పుస్తకం లేదు. ఉద్దెర ఇచ్చినది గుర్తుంటే వస్తుంది, మరచిపోతే పోతుంది.

రెండవ పాఠం ఇంటి జేబు, దుకాణపు జేబు వేరు చేయడం. దుకాణదారు తనకు తాను వారానికి ఇంత అని కూలి వ్రాసుకొని, అంతే ఇంటికి తీసుకుపోవాలి. గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభం కాదు. అందులో రేపటి సరుకు డబ్బు ఉన్నది.

మూడవది తన శ్రమకు ధర కట్టడం. ఉదాహరణకు ఒక సోదరి మగ్గం పని రవికె ఒకటి 600 రూపాయలకు కుడుతున్నదనుకుందాము. దారం, పూసలకు 90 పోగా మిగిలేది 510. రోజుకు ఆరు గంటల చొప్పున మూడు రోజులు పని చేస్తే 18 గంటలు. అంటే గంటకు 28 రూపాయలు. ఈ లెక్క ఆమె ఎన్నడూ వేసుకోలేదు కనుక తెచ్చి ఇచ్చే మధ్యవర్తి ఎంత అంటే అంత. లెక్క వేసుకొన్న నాడు కనీసం బేరమాడగలదు. పదిమంది కలిసి లెక్క వేసుకొన్న నాడు నేరుగా దుకాణంతో మాట్లాడగలరు.

నాలుగవది అప్పు ఖరీదు. మన బజార్లలో రోజువారీ ఫైనాన్సు ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. 10 వేలు అని వ్రాసుకొని 9 వేలు చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పోయినది వెయ్యే కదా అనిపిస్తుంది. కాని మొదటి రోజు నుండే అసలు తిరిగి కట్టుకుంటూ పోతున్నాము కనుక, ఏడాదికి లెక్క కడితే నూటికి 75 దాటుతుంది. బ్యాంకు వడ్డీ హరామ్ అని దూరంగా ఉన్న మనిషి, దానికి అయిదారు రెట్ల వడ్డీని రోజూ సాయంత్రం సైకిల్ మోటారు మీద వచ్చేవానికి కడుతున్నాడు. ఇది గ్రహింపజేయడమే ఒక పెద్ద పాఠం.

అయిదవది కాగితాలు. 2020 జూలై నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదుకు ఒక్క రూపాయి రుసుము లేదు. ఆధార్, పాన్ ఉంటే చాలు. అయినా దళారులు దీనికి వందలు గుంజుతున్నారు. తినుబండారాలు అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ నమోదు, వీధి వ్యాపారులకు 2014 చట్టం ప్రకారం ఇవ్వవలసిన విక్రయ ధ్రువపత్రం కూడా ఈ పాఠంలోనివే. బండిని పోలీసు తోసివేసిన రోజున చేతిలో ధ్రువపత్రం ఉన్నవాడు చట్టం మాట ఎత్తగలడు, లేనివాడు బతిమాలుకోవాలి. ఈ కాగితాలు మనకు వ్యాపార సాధనాలే కాదు, పౌరహక్కు రుజువులు కూడా.

ఆరవది మారుతున్న వృత్తి. 2020 ఏప్రిల్ నుండి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటర్ పోయి ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. చెవితో విని ఇంజను జబ్బు చెప్పగలిగిన మన ఉస్తాదులు ఇప్పుడు స్కానర్ లేనిదే కొత్త బండిని ముట్టలేరు. బ్యాటరీ ఆటోలు మరో వైపు పెరుగుతున్నాయి. నురగ పరుపులు వచ్చి దూదేకుల వృత్తిని ఎలా తినివేశాయో చూచిన సముదాయం మనది. మెకానిక్కుల విషయంలో అదే జరిగేవరకు చేతులు కట్టుకొని కూర్చోకూడదు.

ఎలా నేర్పాలి?

వారానికి రెండు రాత్రులు, ఇషా నమాజు తరువాత రెండు గంటలు. ఇలా పన్నెండు వారాలు సాగితే 48 గంటల శిక్షణ అవుతుంది. ఒక్కరోజు కూడా షట్టరు దించనక్కర లేదు. ఆడవారికి జుహ్ర్, అస్ర్ నమాజుల మధ్య వేళ, వారి వీధిలోనే, మహిళా శిక్షకురాలితో జరగాలి. రమజాను మాసంలో తరగతులు ఆపి, దానికి ముందు నెలలోనే రమజాను వ్యాపారం మీద ప్రత్యేక పాఠం చెప్పాలి. మన వ్యాపారులలో ఎందరికో ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ ఒక్క నెలలో వస్తుంది. ఎంత సరుకు తేవాలి, పండుగ మరునాడు మిగిలిపోయిన దానిని ఏమి చేయాలి అన్నది ముందే ఆలోచించాలి.

ఒక తరగతిలో ఇరవై మందికి మించకూడదు. బేకరీవారిని, మెకానిక్కులను ఒకే గదిలో కూర్చోబెట్టి అందరికీ ఒకే ఉపన్యాసం ఇవ్వడం వృథా. వృత్తి వారీగా జట్లు కట్టాలి. బోధన తెలుగులోను, అవసరమైన చోట మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలోను సాగాలి. ఇంగ్లీషు తెరమీద బొమ్మలు చూపి చప్పట్లు కొట్టించే శిక్షణ మనవారికి అక్కర లేదు. చదువు రానివారికి గుర్తులతో, రంగులతో లెక్క వ్రాసే పద్ధతి నేర్పవచ్చు. ఇంట్లో చదువుకొనే కూతురినో కొడుకునో వెంట తీసుకురమ్మంటే లెక్క ఆ ఇంట్లో నిలిచిపోతుంది.

నేర్పేవారు ఎవరు? పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగులు, లెక్కల ఉపాధ్యాయులు, పన్నుల సలహాదారులు ప్రతి పట్టణంలో ఉన్నారు. వారితోపాటు అదే వృత్తిలో నిలదొక్కుకొన్న ఒక సేఠ్ సాబ్ వచ్చి కూర్చోవాలి. సరుకు ఎక్కడ చౌకగా దొరుకుతుందో, ఏ గిరాకీకి ఉద్దెర ఇవ్వకూడదో అతను చెప్పినట్లు ఏ పుస్తకమూ చెప్పదు. స్థలానికి కూడా వెతుకులాట అక్కర లేదు. ప్రభుత్వాలు కట్టించిన షాదీఖానాలు పెళ్ళిళ్ళు లేని రోజులలో తాళం వేసి ఉంటున్నాయి. మసీదు కమిటీల హాళ్ళు ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తరువాతి రెండేళ్ళు. శిక్షణ ముగిసిన నాడు ధ్రువపత్రం ఇచ్చి ఫొటో దిగడంతో పని పూర్తి కాదు. మొదటి ఆరు నెలలు నెలకొకసారి, ఆ తరువాత మూడు నెలలకొకసారి ఎవరో ఒకరు దుకాణానికి వెళ్ళి ఖాతా పుస్తకం చూడాలి. రాయితీని కూడా ఒక్కసారిగా ఇవ్వకుండా, మొదటి భాగం పనిముట్లకు, రెండవ భాగం ఆరు నెలల లెక్క చూచిన తరువాత సరుకుకు ఇవ్వవచ్చు.

వడ్డీ ప్రశ్నను దాటవేయవద్దు

మనవారు బ్యాంకుకు దూరంగా ఉండడానికి వివక్ష ఒక కారణం, కాగితాలు లేకపోవడం ఒక కారణం, ధర్మభీతి ఒక కారణం. శిక్షకులు ఈ మూడవదాన్ని మూఢత్వంగా కొట్టిపారేస్తే మనవారు మరునాటి నుండి తరగతికి రారు. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీయే 2008లో వడ్డీ లేని బ్యాంకింగ్‌కు అవకాశం కల్పించాలని సూచించింది. రిజర్వు బ్యాంకు 2017లో ఆ ఆలోచనను విరమించుకొన్నట్లు వెల్లడించింది. ఆ తలుపు మూసుకొన్నా వేరే దారులున్నాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సభ్యులు పొదుపు చేసుకొని, వడ్డీ లేకుండా సేవా రుసుముతో రుణాలిచ్చుకొనే సంఘాలు పెట్టుకోవచ్చు. లాభనష్టాలు పంచుకొనే భాగస్వామ్యం మన ఫిఖ్‌లో ఉన్నది, 1932 నాటి భాగస్వామ్య చట్టంలోనూ ఉన్నది. జకాతు సొమ్ములో కొంత భాగం, అర్హులకు పనిముట్ల రూపంలో చేరే ఏర్పాటు ఉలమాలను సంప్రదించి చేయవచ్చు. ఏది ధర్మసమ్మతమో ఉలమాలు చెబుతారు. ఏ దారికి ఎంత ఖర్చో, ఏ కాగితం కావాలో తరగతిలో చెప్పాలి. నిర్ణయం ఆ వ్యాపారిది.

రెండు ఆక్షేపణలు

వ్యాపారం మన రక్తంలోనే ఉన్నది, హజ్రత్ ఖదీజా (ర) వారసులకు శిక్షణ ఏమిటని కొందరు పెద్దలు అంటారు. ఖదీజా (ర) తన సరుకును నమ్మకస్తులైన వారికి ఒప్పందం మీద అప్పగించి, లాభంలో వాటా నిర్ణయించి, దూరదేశపు బజార్లకు పంపినవారు. ఆ వ్యాపారంలో ఒప్పందం ఉంది, లెక్క ఉంది, మనిషిని ఎంచుకొనే వివేకం ఉంది. ఆమె పేరు చెప్పుకొనేవారు ఆమె పద్ధతిని కూడా నేర్చుకోవాలి. వారసత్వం కడుపు నింపదు.

ఇది ప్రభుత్వం పని కదా, మసీదు కమిటీలకెందుకు అని మరికొందరు అంటారు. ప్రభుత్వం పనే. పన్నులు మనం కూడా కడుతున్నాము, మైనారిటీ బడ్జెట్ ఎవరి దయాభిక్షా కాదు. అందుకే ప్రభుత్వాన్ని విడిచిపెట్టవద్దనే మేమూ అంటున్నాము. కాని ప్రభుత్వం శిక్షకుని జీతం ఇవ్వగలదు, రోజు భత్యం ఇవ్వగలదు, షాదీఖానా తాళం ఇవ్వగలదు. రాత్రి తొమ్మిదిన్నరకు పంక్చర్ షాపు యజమానిని పేరు పెట్టి పిలిచి తరగతికి తీసుకురావడం దానికి చేతకాదు. ఆ పని మనదే.

ఇప్పుడు చేయవలసినది

మా ప్రతిపాదన సంక్షిప్తంగా ఇది. రెండు రాష్ట్రాల మైనారిటీల ఆర్థిక సంస్థలు తమ రాయితీ నిధులలో ఒక నిర్ణీత భాగాన్ని, ఇప్పటికే వ్యాపారం చేస్తున్నవారి రాత్రి శిక్షణకూ, రెండేళ్ళ పర్యవేక్షణకూ కేటాయించాలి. ప్రతి వార్షిక నివేదికలో, సాయం పొందిన వ్యాపారాలలో ఏడాది తరువాత ఎన్ని నడుస్తున్నాయో ప్రకటించాలి. ఆ ఒక్క గడి పట్టికలో చేరితే అధికారుల దృష్టి మారుతుంది.

అడగకుండా ఆ గడి చేరదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ప్రతి జిల్లాలో ఒక్క కార్యకర్త మూడు ప్రశ్నలు అడిగితే చాలు. గత మూడేళ్ళలో ఎంతమందికి సాయం అందింది? వారిలో ఎంతమందికి శిక్షణ ఇచ్చారు? సాయం అందిన తరువాత ఎన్ని దుకాణాలను వెళ్ళి చూశారు? మూడవ ప్రశ్నకు వచ్చే జవాబును ఈ పత్రికకు పంపండి. జిల్లాల వారీగా అచ్చువేయమని సంపాదకులను మేము కోరుతున్నాము.

ఇక మసీదు కమిటీలకు, మహిళా సంఘాలకు మా విన్నపం. నిధుల కోసం ఆగకండి. మీ మొహల్లాలో వ్యాపారం చేసుకొనే ఇరవై మంది పేర్లు వ్రాయండి. లెక్క తెలిసిన ఒక మనిషిని అడగండి. వచ్చే వారం ఒక రాత్రి, ఇషా తరువాత, తలా ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి కూర్చోబెట్టండి. మొదటి పుటలో ఆ రోజు కొన్నదెంత, అమ్మినదెంత, ఉద్దెర పోయినదెంత, ఇంటికి తీసుకుపోయినదెంత అని నాలుగు వరుసలు వ్రాయించండి. పదిహేను రోజుల తరువాత అదే పుస్తకంతో మళ్ళీ రమ్మనండి. అల్లాహ్ తలచితే వారిలో కొందరైనా ఆ పుస్తకంతో తిరిగి వస్తారు. అప్పుడు వారికి ఏ రుణం కావాలో, ఏ కాగితం కావాలో, ఏ పనిముట్టు కావాలో వారి లెక్కలే చెబుతాయి.